పద్నాలుగో మడి

కంకులు ఇంకా భోజనాల బల్ల మీదే ఉన్నాయి. పొద్దున ఏడింటికి తమ్ముడు సంచి విప్పి అక్కడ బోర్లించాడు. తొమ్మిదైనా వాటిని తీసే ధైర్యం ఇంట్లో ఎవరికీ రాలేదు. పైకి చూస్తే ఏ లోపమూ కనిపించదు. జానెడు పొడుగున చూడముచ్చటగా ఉన్నాయి. చేత్తో ఎత్తితే మాత్రం తెలిసిపోతుంది, బరువు లేదు.

తమ్ముడు కూర్చోలేదు. ఒక్కో కంకీ తీసి అరచేతుల మధ్య నలుపుతున్నాడు, పొట్టు ఊదుతున్నాడు, మిగిలిన గింజలు అన్నగారి ముందు పెట్టి లెక్క చెబుతున్నాడు. మొదటి కంకిలో ఏడు గింజలు. రెండోదానిలో మూడు. మూడో కంకి నలిపి ఊదాక అతని అరచేతిలో గీతలు తప్ప ఏమీ మిగల్లేదు. ఊదిన పొట్టంతా వెళ్ళి అన్నగారి కళ్ళద్దాల మీద పడుతోంది. ఆయన తుడుచుకోవడం లేదు.

అన్నగారిని ఆ వీధిలో జొన్న డాక్టరంటారు. డాక్టరని విని కొత్తలో జ్వరాలతో వచ్చినవాళ్ళు, ఈయన వైద్యం జొన్నకే గాని మనిషికి కాదని తెలుసుకుని పెట్టిన పేరు అది. పరిశోధనా క్షేత్రంలో పదహారేళ్ళుగా ఆయన జొన్నలకు సంబంధాలు కలుపుతున్నాడు. పుట్టిన సంతానంలో ఏది పల్లపు నేలలో పండుతుందో, ఏది ఇసుక నేలలో బతుకుతుందో, ఏది కొండగట్టు మీది చలికి ఓర్చుకుంటుందో చూస్తాడు. మూడుచోట్లా మిగతా జొన్నల కంటే ఎక్కువ పండే ఒక్క జొన్న కావాలన్నది ఆయన పట్టు. ఆ పట్టులో పడి ఇంటి ముందున్న పూలమొక్కకు ఒక్కనాడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. పోయినేడు ఆయన కోరుకున్న జొన్న తయారైందని పైవాళ్ళు కూడా ఒప్పుకుని ముద్ర వేశారు. పరీక్షల్లో దాని నంబరు పదకొండు. ముద్ర పడ్డాక పెద్ద పేరేదో పెట్టారు గాని, ఇంట్లో అది పదకొండే.

ఆ పదకొండే ఇప్పుడు బల్ల మీద పొట్టుగా పరుచుకుని ఉంది.

తమ్ముడిది గట్టు మీద వ్యవసాయం. మాట తక్కువ మనిషి. అన్నయ్య ఇచ్చిన విత్తనమని తాను వెయ్యడమే కాక, ఇంటింటికీ తిరిగి నలభై ఇళ్ళ చేత వేయించాడు. పూత మీద ఉండగా వారం రోజులు ముసురూ చలీ కలిసి పట్టాయి. నలభై ఇళ్ళ చేలూ ఇలాగే గింజ పట్టక తాలుపోయాయి.

"నువ్వు చెప్పావని నేను చెప్పాను," అన్నాడు తమ్ముడు. "నేను చెప్పానని వాళ్ళు వేశారు. ఇప్పుడు నేను ఎవరి గుమ్మం ముందునుంచి నడవను అన్నయ్యా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి, ముందు నాలుగు మెతుకులు తిని తర్వాత పోట్లాడుకోమంది. ఆమె మాట ఇద్దరూ వినిపించుకోలేదు. చిన్నప్పుడు ఒకడి పలక ఒకడు పగలగొట్టుకున్నప్పుడు కూడా వీళ్ళిలా ఎదురుబదురుగా మౌనంగా ఉండిపోలేదు. కొట్టుకున్నారు, ఏడ్చారు, అయిపోయింది. ఈ మౌనం ఆ తల్లికి కొత్త. గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

తమ్ముడు వచ్చింది పోట్లాటకు కాదు. ఒక్క మాట కోసం వచ్చాడు. కంకులు పోయినా మొదళ్ళ నుంచి పిలకలు లేస్తున్నాయి. ఆగితే నెలన్నరలో ఆ పిలకలు కంకులు వేస్తాయి, గింజ పడితే ఏడాది గండం గడుస్తుంది. ఆగకుండా ఇప్పుడే కోసేస్తే పచ్చి చొప్ప పశువులకైనా దక్కుతుంది. ఆగాక పిలకలు కూడా తాలుపోయాయా, అప్పటికి చొప్ప ఎండి కట్టెపుల్లలవుతుంది, గింజా ఉండదు, మేతా ఉండదు, పశువుల్ని తోలుకుపోవడమే. చొప్ప కోసే మిషను రేపు పొద్దున గట్టు మీదికి వస్తుంది. రెండు రోజులుండి వేరే ఊళ్ళకు పోతుంది. రావాలో వద్దో ఇవాళ మధ్యాహ్నం మూడింటిలోగా చెప్పాలి.

"కొయ్యమంటావా, ఆగమంటావా?"

"ఆగండి," అన్నాడు డాక్టరు. కళ్ళద్దాల మీది పొట్టు తుడుచుకుని మళ్ళీ అన్నాడు. "అది చలికి పోలేదు. ముసురుకి పుప్పొడి కొట్టుకుపోయింది. పిలకలకు ఆ బాధ ఉండదు. పదకొండు చలికి ఓర్చుకుంటుంది."

"ఎక్కడ ఓర్చుకుంది?"

"మీ గట్టు మీదే. ఆరేళ్ళ కిందట. రికార్డుల్లో ఉంది."

"నేను చూడాలి."

డాక్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అప్పటిదాకా గోడవారగా నిలబడి చూస్తున్న వదిన ముందుకొచ్చింది. ఆ పుస్తకం రాసింది తనేననీ, వెళ్ళి పట్టుకొస్తాననీ, అక్షరం అక్షరం చూసుకోవచ్చనీ మరిదికి చెప్పింది.

వదిన అంటే డాక్టరు భార్య. అదే క్షేత్రంలో అసిస్టెంటు. పెళ్ళైన కొత్తలో తమ్ముడు ఆఫీసుకు వస్తే గేటు దగ్గర్నుంచే వదినా అని కేకేసేవాడు. ఆ పిలుపు ఆఫీసంతా అంటుకుంది. ఇప్పుడు కాపలావాడి నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె వదినగారే. ఎండలో నిలబడి ఒక్కో మడిలో మొక్క ఎత్తు కొలిచి, కంకులు లెక్కపెట్టి, గుండ్రటి చేతిరాతతో రాయడం ఆమె పని. ఆమె అంకె వేస్తే మళ్ళీ చూడనక్కర్లేదని డాక్టరు నలుగురిలో అనేవాడు. ఆ మాట ఆమెకు ఒంటిమీద నగ కంటే ఎక్కువ.

"ఇప్పుడు ఆ పాత పుస్తకాలెందుకు?" అన్నాడు డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూనే. "ఎండలో వెళ్ళకు."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఎండలో వెళ్ళొద్దనడం అదే మొదటిసారి. ఎండలో నిలబెట్టి నోట్సు రాయించిన మనిషి. పాపం, మనిషి చితికిపోయాడు, ఏం మాట్లాడుతున్నాడో తెలియడం లేదు అనుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది.

క్వార్టర్ల నుంచి ఆఫీసు పది నిమిషాల నడక. రికార్డు గదికి తాళం ఎప్పుడూ ఉండదు, కుర్చీ అడ్డం పెట్టి ఉంటుంది. జొన్న ఫైళ్ళున్న బీరువాలన్నీ దించి వెతికితే, ఒంటిగంట దాటాక కింది అరలో ఆరేళ్ళనాటి పుస్తకం దొరికింది. దానికి దారంతో కట్టి ఒక మడత కాగితం ఉంది. ఆ ఏడాది గట్టు మీద ఏ మడిలో ఏ రకం విత్తారో చూపించే ప్లాను. విత్తే రోజున డాక్టరే గీశాడు. ఆమె దాన్నెప్పుడూ విప్పి చూడలేదు. చూసే అవసరం రాలేదు.

ఇప్పుడు కూడా పుస్తకం మాత్రం తీసుకుని వెళ్ళిపోయేదే. మరిదికి బొమ్మ చూపిస్తే ఇంకా బాగా అర్థమవుతుందని కాగితం విప్పింది.

ఆ ఏడాది ఆమెకు బాగా గుర్తుంది. గట్టు మీద మెట్ల పొలంలో నలభై ఎనిమిది రకాలు వేశారు. ఆరు వరసలు, వరసకు ఎనిమిది మడులు. పూత మీద గట్టి చలి పట్టింది. నోట్సు రాసే సమయానికి డాక్టరుకు జ్వరం పట్టింది. మడుల దగ్గర పాతిన నంబరు పుల్లలు అప్పటికే పశువుల కాపర్లు పీక్కుపోయి చలిమంటలో వేసుకున్నారు. మరిది ఇంట్లో మంచం మీద మూలుగుతూ డాక్టరు పుస్తకం ఆమె చేతికిచ్చి, బాట పక్క మడి ఒకటో నంబరు, అక్కణ్ణించి వరసగా రాసుకుపో అన్నాడు. ఆమె రాసుకుపోయింది. మొదటి వరస ఎనిమిది మడులూ అయ్యాక మళ్ళీ బాట పక్కకు నడిచి వచ్చి రెండో వరస మొదలుపెట్టింది. వాళ్ళ క్షేత్రంలో పద్ధతి అదే. ఏ వరసైనా బాట పక్కనుంచే మొదలవుతుంది. కళ్ళు మూసుకుని చెప్పగలదు.

రెండో వరసలో మూడో మడి దగ్గర ఆమె ఆగిపోయింది. చుట్టూ అన్నీ తాలు కంకులైతే అదొక్కటి గింజతో కిటకిటలాడుతోంది. తొమ్మిది, పది, పదకొండు అని లెక్కపెట్టుకుని, పదకొండుకు ఎదురుగా 'గింజ నిండుగా' అని రాసి కింద గీత గీసింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి భర్తకు చెప్పింది. జ్వరంలోనే లేచి కూర్చున్నాడాయన. పదకొండు పల్లంలోనూ ఇసుకలోనూ అప్పటికే అన్నిటికంటే ముందుంది. చలికి కూడా నిలిస్తే ఇంకేం కావాలి? ఆ రోజు ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ప్లానులో రెండో వరస బాట పక్కనుంచి మొదలవలేదు.

మొదటి వరస ఎక్కడ ఆగిందో అక్కడే మలుపు తిరిగి, బాట వైపుకు వెనక్కి నడిచింది, దున్నే ఎడ్లు సాలు చివర తిరిగినట్టు. ప్రతి మలుపు దగ్గరా డాక్టరు చిన్న బాణం గుర్తు వేశాడు. మెట్ల పొలంలో విత్తేవాళ్ళు ఊరికే అటూ ఇటూ నడవక్కర్లేకుండా అలా వేస్తారు. వేసినాయనకు తెలుసు. జ్వరంలో చెప్పడం మరిచాడు. రాసినావిడ అడగలేదు.

ఆమె ప్లాను మీద వేలు పెట్టి బాట పక్కనుంచి లెక్కపెట్టింది. పదహారు, పదిహేను, పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. మూడో మడి పద్నాలుగే. పదకొండు ఎక్కడో అవతల ఆరో మడి. పుస్తకంలో ఆరో మడిని తాను పద్నాలుగని రాసుకుంది. దాని ఎదురుగా తన గుండ్రటి అక్షరాలే ఉన్నాయి. 'పూర్తిగా తాలు.'

చలికి నిలిచింది పద్నాలుగు. పదకొండు ఆరేళ్ళ కిందటే ఆ గట్టు మీద తాలుపోయింది. దాన్నే పెంచి, పోషించి, ముద్ర వేయించి, మళ్ళీ అదే గట్టు మీదికి పంపించారు. ఆ మరుసటేడు వానకు గండి పడి ఆ మెట్ల పొలం కొట్టుకుపోయింది. పోయినేడు మరిది దొడ్లో వేసిన నాలుగు సాళ్ళు తప్ప, మళ్ళీ గట్టు మీద పరీక్ష జరగలేదు. పుస్తకం మీద నమ్మకం కొద్దీ ఎవరూ అడగనూ లేదు. వదినగారి అంకె కదా!

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. ఏడుపు రాలేదు, భయం వేసింది. నలభై ఇళ్ళు. తన చేతిరాత. కాసేపటికి ఆ భయంలోంచి ఇంకో భయం లేచింది, ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పడం? ఇంకా రెండేళ్ళలో రిటైరు కాబోయే మనిషి. పదహారేళ్ళ కష్టం. మరొకరి తప్పైతే తట్టుకునేవాడేమో, భార్య తప్పని తెలిస్తే కుప్పకూలిపోతాడు.

ఒక్కటే ఆశ కనిపించింది. పద్నాలుగు విత్తనం. పక్కన పెట్టేసిన రకాల విత్తనం కూడా చల్లగదిలో చిన్న పొట్లాలుగా దాచి ఉంచుతారు. అది ఉంటే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. చెడ్డ వార్తతో పాటు ఆ పొట్లం కూడా ఆయన చేతిలో పెట్టొచ్చు. ఆమె లేచి దాదాపు పరుగున విత్తనాల స్టోరుకు వెళ్ళింది.

స్టోరు చూసే ఆయన చల్లగది ముందు స్వెట్టరు వేసుకుని టీ తాగుతున్నాడు. ఆరేళ్ళ కిందటి గట్టు పరీక్షలోని పద్నాలుగో నంబరు కావాలని అడిగింది. ఆయన కప్పు కింద పెట్టి ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

"ఇదేం చిత్రం వదినగారూ, పోయినేడు సారు కూడా ఈ పద్నాలుగే అడిగారు. ఇద్దరం కలిసి గదంతా గాలించాం. అప్పటికే పారేశాం కదండీ. అక్కర్లేని రకాలు అయిదేళ్ళు దాటితే ఉంచరు, కొత్తవాటికి చోటుండదు. ఒక్క నెల ముందు అడిగినా దొరికేది."

ఎప్పుడు అడిగారని ఆమె అడిగింది. తన గొంతు తనకే మామూలుగా వినిపించింది.

స్టోరాయన తల గోక్కుని గుర్తు చేసుకున్నాడు. గట్టుకు పంపే పదకొండో నంబరు విత్తనం బస్తాలు కుట్లు వేయించిన వారమేనట. బస్తాలు ఇక్కడే, ఈ వసారాలోనే ఉన్నాయట. సారు వాటి మీదే చాలాసేపు కూర్చుండిపోయారట. ఒంట్లో బాగాలేదేమోనని ఆయన టీ కూడా తెప్పించి ఇచ్చాడట. సారు తాగలేదట.

వదిన తిరిగి నడిచి వచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని గేటు కాపలాదారు గొడుగు ఇవ్వబోయాడు. ఆమె చూసుకోలేదు.

ఇల్లు చేరేసరికి రెండున్నర. కంకుల మీద ఎవరో గుడ్డ కప్పారు, అత్తగారే అయి ఉంటుంది. తమ్ముడు వీధి వరండాలో ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల నలుగురైదుగురు ఒకేసారి అడుగుతుంటే వినిపించక స్పీకరు పెట్టాడు. మూడింటికి చెబుతాను, ఇంకాస్త ఆగండి అంటున్నాడు. ఆమెను చూసి పుస్తకం కోసం చెయ్యి చాపాడు. ఒక్క నిమిషమని చెప్పి ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది.

డాక్టరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు పక్కన ఉన్నాయి. అవి లేకుండా ఆయన మొహం ఎవరో పరాయి మనిషి మొహంలా కనిపించింది.

"పద్నాలుగు కోసం స్టోరుకి వెళ్ళాను," అంది.

ఆయన తల తిప్పలేదు. "దొరకదు," అన్నాడు.

దారి పొడుగునా ఆమె ఒకే ఒక్క సంగతి కోరుకుంటూ వచ్చింది. స్టోరాయన పొరబడి ఉండాలని, ఆ పద్నాలుగు వేరే ఏదో పద్నాలుగై ఉండాలని. ఆ ఒక్క మాటతో అదీ పోయింది. ఆమె పుస్తకాన్ని మంచం మీద పెట్టి, తాను నేల మీద కూర్చుంది.

ఆయన తనంతట తనే చెప్పుకొచ్చాడు. పోయినేడు తమ్ముడి దొడ్లో నాలుగు సాళ్ళు పదకొండు వేసి చూశారు కదా, కింది సాలులో, చల్లగాలి దిగి నిలిచే పల్లంలో, కొన్ని కంకుల చివర్లు తాలుగా కనిపించాయట. మిగతా మూడు సాళ్ళూ బ్రహ్మాండంగా ఉంటే తమ్ముడు దాన్ని పట్టించుకోలేదు. ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చి పుస్తకం తీశాడు, ప్లాను తీశాడు. రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. అప్పటికి ముద్ర పడి నెలైంది.

"గట్టు మీద వెయ్యొద్దని ఒక్క మాట చెబితే సరిపోయేదిగా," అంది వదిన.

"మూడుచోట్లా పండుతుందనే కదా ముద్ర వేశారు. ఒకచోట కాదంటే మొత్తం తీసేస్తారు. మళ్ళీ నాలుగేళ్ళు పరీక్షలు. నాకు అప్పటికి మూడేళ్ళే ఉంది." ఆయన మాటలు వెతుక్కున్నాడు. "పల్లంలో అది అబద్ధం కాదు. ఇసుకలో అది అబద్ధం కాదు. నాలుగేళ్ళుగా గట్టు మీద చలి ఆలస్యంగా వస్తోంది. ఈ ఏడూ ఆలస్యంగానే వస్తుందనుకున్నాను."

"రాలేదు."

"రాలేదు."

వరండాలోంచి ఫోనులో ఎవరిదో గొంతు గట్టిగా వినిపించింది. మిషనువాడు తొందర పెడుతున్నాడట.

"అది పోయినేటి మాట. ఇవాళ పొద్దున ఆగమన్నారెందుకు?" అని అడిగింది ఆమె. "పిలకలూ తాలుపోతాయని మీకు తెలుసు. చొప్ప కూడా దక్కదని తెలుసు. వాడు నిలబడి అడిగితే, ఆగమన్నారు."

డాక్టరు కళ్ళద్దాల కోసం చెయ్యి చాపి, పెట్టుకోకుండానే వదిలేశాడు. ఆయన అబద్ధం కోసం వెతుక్కోవడం లేదు. అది ఆమెకు తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా భయంగా ఉంది.

"కొయ్యమంటే ఎందుకని అడుగుతాడు," అన్నాడు చివరికి. "ఎందుకో చెబితే అంతా చెప్పాలి."

ఆమె లేవబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పుస్తకంలో ఉన్నది ఆమె రాత అని, ఇది బయటపడితే ముందు ఆమె ఉద్యోగం పోతుందని, అది కూడా ఆలోచించే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదని చెప్పాడు.

"నా కోసం ఊరుకున్నారా?"

"నీ కోసం కూడా."

ఆ 'కూడా' అనకుండా ఉండగలిగే మనిషి కాదు. ఇరవై ఏళ్ళు ఆమె ఆయన్ని ప్రేమించింది కూడా ఇందుకే, అంకెలో పావు తేడా వచ్చినా నిద్రపోడని. ఆ మనిషే ఏడాదిపాటు నిద్రపోయాడు, తిన్నాడు, తమ్ముడు ఫోను చేసి చేను ఎంత బాగా లేచిందో చెబుతుంటే విని నవ్వాడు. ఆమెకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యం మధ్యలోనే జాలి కూడా వేసింది. ఆ జాలికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"తప్పు జరిగిందని చెప్పు," అన్నాడు ఆయన, చెయ్యి వదలకుండా. "నేను చెప్పలేను. నువ్వు చెప్పు. నంబర్లు తారుమారయ్యాయని చెప్పు. పొరపాటంటే వాడు క్షమిస్తాడు. నాకు ముందే తెలుసని మాత్రం చెప్పకు. అమ్మ తట్టుకోలేదు."

అమ్మ పేరు ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి. ఆమె చెయ్యి విడిపించుకుని, పుస్తకమూ ప్లానూ తీసుకుని వరండాలోకి వచ్చింది.

మూడుకు పది నిమిషాలుంది. తమ్ముడు ఒక చేత్తో ఫోను పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దుట్నుంచి నిలబడి నిలబడి ఒక కాలి మీద బరువు మోపి ఒరిగి ఉన్నాడు.

"కోసెయ్యమను," అంది వదిన.

ఆమె మాట మీద అతనికి ఎంత నమ్మకమంటే, ఎందుకని అడగడం కూడా తర్వాతే. ముందు ఫోనులో చెప్పాడు, మిషను రమ్మనండి, ఒక్క చేను వదలకుండా కోసెయ్యండి అని. అవతల ఒక్కసారిగా గొంతులు లేచాయి. కొన్ని తిడుతున్నాయి, ఒక ఆడగొంతు ఏడుస్తోంది. అతను ఫోను కిందికి దించాడు.

"అన్నయ్య ఆగమన్నాడుగా వదినా."

ఆమె పుస్తకం విప్పింది. ప్లాను దాని పక్కన పరిచింది. వరసలు ఎలా తిరిగాయో, తాను ఎలా నడిచిందో, ఏ మడికి ఏ నంబరు రాసిందో వేలితో చూపిస్తూ చెప్పింది. దాచుకోలేదు, ఏడవలేదు, జ్వరం సంగతి ఎత్తలేదు. తప్పు నాది అంది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి వెనక నిలబడి విన్నది. సగమే అర్థమైనట్టుంది, కొడుకు మొహం చూసి మిగతా సగం తెలుసుకోవాలని చూస్తోంది.

తమ్ముడికి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. దున్నేవాడు కదా, సాలు చివర తిరగడమేమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. కాగితం మీద బాణం గుర్తులను వేలితో తడిమాడు. కోపం వస్తుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"పుల్లలు పీకేస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు వదినా," అన్నాడు. "ఆ పీకినవాళ్ళూ మా ఊరివాళ్ళే. ఊరుకో. నేను చెప్పుకుంటాను వాళ్ళకి. మా వదిన పొరబడిందని చెబితే నన్ను తిడతారేమో గాని నిన్ను ఒక్క మాట అననివ్వను."

వదినకు అప్పుడొచ్చింది ఏడుపు. పమిట నోటికడ్డం పెట్టుకుంది. అతను కంగారుపడి అటూ ఇటూ చూశాడు. ఓదార్చడం చేతకాని మనిషి, కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టి పుస్తకంలో ఉంచాడు. ఉంచుతూ ఉంచుతూ ఆగాడు. ఏదో లెక్క తేలనట్టు నుదురు ముడిపడింది. లోపలి గది తలుపు వైపు చూశాడు. పొద్దున బల్ల దగ్గర్నుంచి లేచి, కిటికీ దగ్గర నిలబడి, ఆ పాత పుస్తకాలు ఇప్పుడెందుకని అన్న మనిషి అందులోనే ఉన్నాడు.

"అన్నయ్యకి ఈ సంగతి ఎప్పుడు తెలిసింది వదినా?"

అతను నెమ్మదిగానే అడిగాడు. కానీ ఫోను కట్ చెయ్యలేదు. అందులోంచి ఇంతసేపూ వచ్చిన గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. గట్టు మీద వాళ్ళంతా ఆమె జవాబు కోసం వింటున్నారు.